కరువుకు దాచిన మాత్రలు

అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగిన మాట "ఎప్పుడు?" అని కాదు, "ఎట్లా?" అని. అవతల ఉన్నది మామ. అత్త మా నాన్నకు అక్క, మామ ఆమె మొగుడు. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో ఉండేవారు. ఆ ఊరి నుంచి వేళ కాని వేళ ఫోన్ మోగితే నేను ఏమనుకుని భయపడతానో ఆయనకు తెలుసు. అందుకే నేనేం అడుగుతున్నానో ఆయనకు వెంటనే అర్థమైంది.

"జరం పాపా. రెండు దినాల జరం. పొద్దున రవ్వంత గంజి తాగింది, పండుకుంది, మళ్ళా లేయలేదు" అన్నాడు. "జరంతోనే పాపా" అని ఇంకోసారి చెప్పాడు.

అమ్మయ్య అనుకున్నాను. చావు కబురు విని అమ్మయ్య అనుకునే మనుషులు కూడా ఉంటారా అని మీరు నన్ను అసహ్యించుకోవచ్చు. అనుకోండి. ఒక మనిషి తన చేతులతో తానే పోతుందేమోనని ఏళ్ళ తరబడి భయపడినవాళ్ళకు మామూలు జ్వరం ఎంత మంచిదిగా కనిపిస్తుందో మీకు తెలియదు. ఏడుపు తర్వాత వచ్చింది. కడుపు నిండా ఏడ్చాను.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మూతలు తీసే చప్పుడు. కర్నూల్లో మా ఇంటికి ఎప్పుడు వచ్చినా, గడపలో చెప్పులు విడిచి, మంచినీళ్ళు కూడా అడక్కుండా నేరుగా వంటింట్లోకి పోయేది. బియ్యం డబ్బా, కందిబేడల డబ్బా, ఉప్పు జాడీ, అన్నిటి మూతలూ ఎత్తి లోపలికి తొంగి చూసేది. మనిషి ద్వారబంధానికి తల తగిలేంత పొడుగు. వంగి, ముక్కు డబ్బాలోకి దూర్చి, అక్కడి నుంచే కేకేసేది.

"మే! అడుగు కనపడతాండాది మే! సంసారం చేస్తాండావా, సంతలో కూసున్యావా?"

డబ్బాకు అడుగు కనపడితే ఇంటికి కరువొస్తుందని ఆమె నమ్మకం. వండడానికి బియ్యం కొలుచుకున్నాక అందులోంచి పిడికెడు తీసి మళ్ళీ డబ్బాలో వేసేది. ఆ అలవాటు మా వైపు చాలా ఇళ్ళల్లో ఉంది. మా అత్త మాత్రం దాన్ని బియ్యంతో ఆపలేదు. నూనె సీసాలో అడుగున వేలెడు మిగలాలి. సబ్బు అరిగి ఆకంత పలచనైతే కొత్త సబ్బుకు అతికించాలి తప్ప పారేయకూడదు. నా చిన్నప్పుడు గుప్పెడు బొరుగులు నా చేతిలో పోసి, అందులోంచి రవ్వన్ని వెనక్కి తీసుకుని "ఇవి రేపటికి" అనేది. తిట్టేటప్పుడు కూడా అంతే. మామను అరగంట సేపు దులిపి, ఊపిరి తీసుకుని, "ఈ పొద్దుటికి ఇంత చాలు. మిగతాది రేపు తిడతా" అని లేచిపోయేది.

వాళ్ళ ఇంటి ముందర ఒకప్పుడు పాతర ఉండేది. జొన్నలు పోసి, పైన మట్టి కప్పి, వానలు రాని ఏటికని దాచుకునే గుంత. ఎప్పుడో పూడ్చేశారు. ఆ చోటు ఇప్పుడు మామూలు వాకిలే. అయినా అత్త దాన్ని తొక్కేది కాదు, చుట్టు తిరిగి వచ్చేది. "మా అవ్వ ఇట్లాంటి పాతర గింజలతోనే మా నాయనను బతికించింది. దాని మీద కాలు పెడితే పాపం" అనేది. వాళ్ళ అవ్వ కరువు కథలు ఆమె చెప్పగా నేను ఎన్నిసార్లు విన్నానో! చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నది, గంజి కోసం ఊళ్ళకు ఊళ్ళు నడిచింది, అన్నీ కళ్ళతో చూసినట్టే చెప్పేది. ఆమె పుట్టకముందు కథలవి.

ఇక ధైర్యం అంటారా, పెరట్లో పాము కనిపిస్తే మామ అరుగెక్కేవాడు, ఆమె చీపురు తీసుకునేది. ఊరి పక్కన గుండ్లు ఉన్నాయి, మిద్దెలంత మిద్దెలంత రాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. పుల్లలకని అక్కడికి ఒక్కతే పోయేది. "బయం కాదా అత్తా?" అని అడిగితే, "బయం బువ్వ పెడతాదా మే?" అని నవ్వేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో పక్క పట్టుకుని నవ్వేది.

అట్లాంటి మనిషి ఒకసారి మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుంది. ఊరికే కూర్చుంది. వంటింట్లోకి పోలేదు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి, వానలు వరుసగా మొహం చాటేసిన కాలం. నేను కాఫీ తెచ్చి ఇచ్చాను. లోటా పట్టుకునే ఉంది, తాగలేదు. వంటింట్లో ఒక్క మూత చప్పుడు కాలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

"ఏమైంది అత్తా?"

"ఏం కాలేదు."

"ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. పొద్దు గూకితే మాత్రం గుండెకాయ పిట్ట మాదిరి కొట్టుకుంటాండాది. ఎందుకో తెలీదు. ఏం కాలేదు మే, ఏం కాకుండానే కొట్టుకుంటాండాది."

కరువు వల్ల అన్నారు కొందరు. అంతకంటే పెద్ద కరువులు చూసిన మనిషి ఆమె. పిల్లలు లేనందుకు అన్నారు ఇంకొందరు. లేకపోవడం అప్పుడు కొత్తగా వచ్చింది కాదు కదా. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, వేపమండలతో దిగతుడిచారు, గురువారం దర్గాకు తీసుకుపోయి నెమలీకలతో తట్టించారు. అన్నిటికీ కూర్చోమన్న చోట కూర్చుంది. తిట్టలేదు. మామ ఆ మాటే చెప్పి నా దగ్గర ఏడ్చాడు: "నన్ను తిట్టి నెలయింది పాపా. బువ్వ తినదు, నిద్ర పోదు, గోడ దిక్కు తిరిగి పండుకుంటాది. మనిషి ఉండాది, ఇంట్లో ఎవరూ లేనట్టుండాది."

కర్నూల్లో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. బోర్డు చూసి మామ తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు, ఊరివాళ్ళెవరైనా చూస్తారని. ఎండాకాలం కాబట్టి సరిపోయింది కానీ, లోపలికి పోయాక కూడా తీయలేదు. డాక్టరమ్మ మామను చూసి, "పేషెంటు మీరా?" అని అడిగింది.

ఆమె నిదానంగా మాట్లాడే మనిషి. నిద్ర గురించి, తిండి గురించి, పొద్దుగూకినప్పటి భయం గురించి అడిగింది. అన్నీ విన్నాక, "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని అడిగింది, కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా.

మామ కుర్చీలోంచి సగం లేచాడు. "ఆ మాట అడగొద్దు తల్లీ! లేనిది తలకెక్కిస్తావు."

"అడిగితే రాదండీ. అడక్కపోతే పోదు" అంది డాక్టరమ్మ, అత్త మీద నుంచి చూపు తిప్పకుండా.

అత్త కిటికీ వైపు చూసింది. ఆ కిటికీలో చూడడానికి ఏమీ లేదు, పక్క మిద్దె గోడ తప్ప. లేదు అనొచ్చు కదా, ఒక్క మాట లేదు అని ఎందుకు అనడం లేదు అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. ఆమె గోడనే చూస్తూ ఉండిపోయింది.

డాక్టరమ్మ మాత్ర రాసింది. మాత్ర కంటే మాటలు ఎక్కువ చెప్పింది. రోజూ పొద్దున తిన్నాక ఒకటి. బాగున్నా ఒకటే, బాగలేకపోయినా ఒకటే. తలనొప్పి మాత్రలాగా వేసుకోగానే పని చేయదు, కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, కుదురు ఉండదు, భయం ఇంకా పెరిగినట్టు కూడా ఉండొచ్చు, ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు. బాగైందని మీకు మీరే ఆపొద్దు, చాల్లేదని మీకు మీరే పెంచొద్దు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరైనా సూది వేయించుకున్నా, మందు తీసుకున్నా ఈ మాత్ర సంగతి చెప్పాలి. చావు ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే రావాలి. చివర్న మామ వైపు తిరిగి, "మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి, ఆమె దగ్గర వద్దు" అంది.

మామ అన్నిటికీ తల ఊపాడు. ఈ చివరి దానికి మాత్రం నవ్వు మొహం పెట్టాడు. ఉప్పు నుంచి విత్తనాల దాకా ఆ ఇంట్లో ఏదైనా సరే అత్త చేతి మీదుగా కదలాల్సిందే. కొట్టు గదిలో ఏ డబ్బాలో ఏముందో ఆమెకే తెలుసు. తన ఇంట్లో ఒక వస్తువును పెళ్ళాం దగ్గర కాకుండా తన దగ్గర పెట్టుకోవడం ఎట్లాగో ఆ మనిషికి నిజంగానే తెలియదు.

మొదటి వారాలు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. నేనప్పుడు కర్నూల్లో ఒక బడిలో టీచరును. పొద్దున మాత్ర నేనే ఇచ్చేదాన్ని, నేను బడికి పోతే పక్కింటి ఆమె వచ్చి కూర్చునేది. మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. సందు తిరిగేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. ఇంటి ముందర జనం ఉన్నారా అని దూరం నుంచే చూసుకునేదాన్ని. మేడ తలుపుకు తాళం వేశాను. ఏళ్ళుగా మేం మామూలుగా వాడుకునే సామానంతా నాకు కొత్తగా కనపడింది, దేన్ని చూసినా అనుమానమే. ఆమె స్నానానికి పోతే తలుపు దగ్గరే నిలబడి ఏవో కబుర్లు చెప్పేదాన్ని. లోపలి నుంచి "ఊఁ" అనేది. ఆ ఊఁ కోసమే నా కబుర్లు.

డాక్టరమ్మ చెప్పినట్టే మొదట ఎక్కువైంది. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేది, వాంతి వచ్చినట్టుంది అనేది. ఇదేం మందు, మనిషిని చంపేట్టుంది అని మా ఆయన గొణిగాడు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఆపొద్దంది, దగ్గరే ఉండమంది. ఉన్నాను.

ఒకరోజు బడి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే వంటింట్లో టంగుమని మూత పడింది. "మే! బెల్లం అడుగుకొచ్చిండాది, కండ్లు కనపడలేదా నీకు?" నేను సగం కట్టిన చీరతోనే అక్కడికి పోయి, ఆమెను పట్టుకుని ఏడ్చాను. "బెల్లానికి ఏడుస్తారా ఎవురన్నా?" అని ఆమె నన్ను తిట్టింది.

తర్వాత ఊరికి పోయింది. డాక్టరమ్మ రాసిన మాత్రలు సంచిలో పెట్టుకుని, మా వంటింట్లో డబ్బాలన్నీ ఒకసారి తనిఖీ చేసి మరీ మామతో బస్సెక్కింది. అక్కడితో కథ అయిపోయిందనుకున్నాం.

ఫోన్ చేస్తే ఒకరోజు గలగలా మాట్లాడేది. ఇంకో రోజు ఫోన్ దగ్గరికే వచ్చేది కాదు. మామ చెప్పేవాడు: "ఒక పొద్దు మిద్దె ఎగిరిపోయేట్టు అరుస్తాది, ఒక పొద్దు మూలన కూసుంటాది. తల తిరుగుతాందంటాది. తలకాయలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటాందంటాది."

"మాత్ర వేసుకుంటాందా మామా?"

"ఎందుకు ఏసుకోదు! నా కండ్ల ముందరే చేతిలోకి తీసుకోని నీళ్ళ కడవ కాడికి పోతాది."

కడవ దగ్గరికి పోవడం ఆయన చూశాడు. నిజానికి ఆయన చూసింది అంతవరకే.

నాకు మనసు కుదరక ఒక ఆదివారం నంద్యాల బస్సెక్కి పోయాను. సీతాఫలాల కాలం. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది, అత్త లేదు, పుల్లలకు గుండ్ల దిక్కు పోయిందని ఎదురింటి వాళ్ళు చెప్పారు. మామ కొట్టంలో ఎద్దుకు మేత వేస్తున్నాడు. ఆమె వచ్చేలోపు గుగ్గిళ్ళు ఉడకేద్దామని కొట్టు గదిలోకి పోయి ఉలవల డబ్బా మూత తీశాను. పైనపైన తీసుకుని ఉంటే ఏమీ తెలిసేది కాదు. మంచి గింజలు అడుగున ఉంటాయని మోచేతి దాకా చెయ్యి పెట్టాను. చేతికి గుడ్డ తగిలింది.

పాత చీర అంచు చింపి కట్టిన మూట. ముడి గట్టిగా ఉంది, పళ్ళతో విప్పాను. లోపల అన్నీ మాత్రలు. కత్తిరించిన అట్ట ముక్కల్లో కొన్ని, విడివిడిగా చాలా. కర్నూల్లో నేను రోజుకొకటి ఆమె అరచేతిలో పెట్టిన ఆ రకం మాత్రలే. ఒక్కొక్కటిగా చూసినప్పుడు నా కంటికి దేవుడిలా ఉండేది. అన్నీ ఒక్కచోట చూసేసరికి ముట్టుకోవడానికే భయం వేసింది. ఇన్ని ఎందుకు దాచింది? ఒక మనిషి ఇన్ని మాత్రలు ఒక్కచోట ఎందుకు చేరుస్తుంది? ఆ కిటికీ, ఆ గోడ, ఆమె చెప్పని జవాబు గుర్తొచ్చాయి. ఈ పొద్దు గుండ్లలోకి ఒక్కతే పోయింది. పుల్లలకే పోయిందా?

"మామా!" అని అరిచాను. ఆయన వచ్చి మూట చూశాడు. ఏంటివి అని అడగలేదు. చేతిలో గడ్డి అట్లాగే ఉంది. గడప మీద కూలబడి, మళ్ళీ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ఆయన వెనక నేను.

గుండ్ల మధ్య దావ సన్నగా ఉంటుంది, ముళ్ళు. కాలు పెట్టిన చోటల్లా రాయి ఎండకు కాలుతోంది. మామ ఆమెను పిలవబోయాడు, పేరు నోటికి రాలేదు. పెళ్ళాన్ని ఆయన ఎన్నడూ పేరు పెట్టి పిలిచినవాడు కాదు. "ఏమే! ఏమే!" అని అరుస్తున్నాడు. రాళ్ళు ఆ కేకను అటూ ఇటూ విసిరి మాకే తిరిగి ఇస్తున్నాయి. జవాబు లేదు. ఒక్కో బండ మలుపు తిరిగేటప్పుడు కళ్ళు మూసుకోవాలనిపించింది. అక్కడేం కనపడుతుందో నాకు తెలియదు, చూడడం నాకు ఇష్టం లేదు, చూడకుండా ఉండలేను. దేవుళ్ళకు మొక్కుకున్నాను, ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు గుర్తు లేదు.

పెద్ద గుండు నీడలో కూర్చుని ఉంది. పక్కన పుల్లల మోపు కట్టి పెట్టింది. ఒడిలో సీతాఫలాలు, ఒకటి విప్పుకుని తింటూ గింజలు ఊస్తోంది.

"ఏం మే, ఎప్పుడొచ్చినావు? ఈ మనిషేంది, కుక్కలు తరిమినట్టు వస్తాండాడు? కాయ తింటావా?"

నేను ఆమె మీద పడిపోయాను. మామ కాస్త దూరంలో బండకు ఆనుకుని నిలబడ్డాడు, ముళ్ళు గీరి పాదాల్లోంచి రక్తం వస్తోంది, చూసుకోలేదు. మూట ఆమె ముందర పెట్టాను.

"ఇదేంది అత్తా?"

చూసింది. కాయ పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"కరువుకు" అంది.

"ఏంది?"

"కరువుకు దాచినా. బాగున్న పొద్దు ఎందుకు మింగల్ల మే? వృథానే గదా. ఆ పొద్దుది తీసి పెట్టుకున్యా. బాగలేని పొద్దు రెండేసుకుంటాండా. మందుల అంగడాయన లేదంటే? డాక్టరమ్మ యాడికన్నా బదిలీ అయిపోతే? మళ్ళా ఆ బయమొస్తే నా కాడ ఏముంటాది? ఏమీ లేకుండా దాన్ని నేను ఎట్లా ఎదుర్కొనేది?"

మామ నవ్వాడు. ఏడుపులాంటి నవ్వు. "నీ కరువు పాడుగాను! మాత్రలకు కూడా పాతర తీసినావా?" నాకూ నవ్వు వచ్చింది. ఎంత పని, ఎంత పిచ్చి భయం పెట్టింది! పిడికెడు తీసి వెనక్కి వేసే అలవాటు, అంతే కదా. అప్పుడు ఆమె మొహం చూశాను. ఆమె నవ్వడం లేదు.

"మొదట కరువుకే" అంది. "మూట పెరిగేకొద్దీ... బాగలేని పొద్దు అది నన్ను పిలిచేది. అంతా ఒక్కసారి అయిపోతాది గదా, ఈ కొట్టుకునేది నిలిచిపోతాది గదా అని. అందుకే ఉలవల అడుక్కు తోసినా. నా చేతికే రవ్వంత దూరం ఉండల్లని."

మామ నవ్వు ఆగిపోయింది. "చెప్పల్ల గదా" అన్నాడు. ఆ మనిషి గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"ఏమని చెప్పేది? ఇల్లు కట్టుకోని, దీపం పెట్టుకోని, ఆ మాట నోట్లోంచి ఎట్లా వస్తాది? తథాస్తు దేవతలు తిరుగుతాంటారు గదా." ఆమె మూట నా వైపు నెట్టింది. "తీసుకపో మే. నా కంటికి కనపడనీవద్దు."

మర్నాడు కర్నూలుకు తీసుకుపోతే డాక్టరమ్మ కోప్పడలేదు. మూట విప్పి చూసి, ముడి వేసి, తన బల్ల సొరుగులో పెట్టుకుంది. తల తిరగడం, కరెంటు కొట్టినట్టు ఉండడం మాత్ర ఒకరోజు వేసి ఒకరోజు మానడం వల్లేనని చెప్పింది. రెండు వేసుకుంటే రెండింతలు బాగవదని కూడా చెప్పింది.

"గింజలైతే దాచుకోవచ్చమ్మా, ఎప్పుడు తిన్నా కడుపు నిండుతుంది. ఇది నీళ్ళలాంటిది. రోజూ రవ్వంత పోస్తేనే చెట్టు నిలబడేది. వారం ఎండగట్టి ఒకరోజు కడవలతో గుమ్మరిస్తే ఏమవుతుంది?"

అత్త ఆలోచించింది. మా వైపు అప్పుడప్పుడే నల్ల పైపులు పరుస్తున్నారు, చుక్కచుక్కగా తడిపేవి. "డ్రిప్పు మాదిరి అంటాండావు" అంది. డాక్టరమ్మ నవ్వి, అంతే అంది. అప్పుడు మళ్ళీ ఆ పాత ప్రశ్న అడిగింది. ఈసారి అత్త కిటికీ వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, "అప్పుడప్పుడు" అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో మెడ మీద నరాలు చూస్తే తెలిసింది.

ఆ రోజు నుంచి మాత్రలు మామ చొక్కా లోపలి జేబులోకి మారాయి. అంగడి నుంచి కూడా ఒకేసారి ఎక్కువ తేకుండా కొద్దికొద్దిగా తెచ్చేవాడు. పొద్దున ఆమె తిన్నాక ఎదురుగా నిలబడి, మాత్ర ఇచ్చి, నీళ్ళు ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకునేవాడు. ఆమె నోరు బార్లా తెరిచేది. "సూడు! గొంతు దాకా సూడు! పండ్లు కూడా లెక్క పెట్టుకో!" ఆయన నిజంగానే వంగి, నాలుక కింద కూడా చూసి, తల ఊపేవాడు. నేను పోయినప్పుడల్లా ఈ తంతు చూసి నవ్వేదాన్ని. ఆయన మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు. గుండ్ల మధ్య పరుగు ఆయనలో అట్లాగే ఉండిపోయింది. ఆమె కాస్త ఆలస్యంగా ఇల్లు చేరితే చాలు, కొట్టు గదిలోకి పోయి ఉలవల డబ్బాలో చెయ్యి పెట్టి కలబెట్టి చూసేవాడు.

చాలాకాలం వాడింది. అలవాటు పడతావు, ఇంక మానేయమని ఊళ్ళో అమ్మలక్కలు సలహా ఇస్తే, "డాక్టరమ్మ చెప్పనీ, మానేస్తా. మీ కోడళ్ళు మీ మాట ఇంటాండారా, నేను ఇననీకె?" అనేది. చివరికి డాక్టరమ్మే కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చి ఆపించింది. ఆపిన రోజు మా అందరికీ సంతోషం. నాకు మాత్రం సంతోషం కింద పాత భయం ఉంది, ఎవరికీ చెప్పలేదు. మంచి రోజులు ఎన్ని గడిచినా, ఫోన్ మోగితే మొదట నా చెయ్యి ఆగిపోయేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం నేను ఐదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఆయా వచ్చి, మీకోసం ఎవరో పొడుగాటి ఆమె వచ్చిందని చెప్పింది. వసారాలోకి వచ్చి చూస్తే అత్త. ఒక్కతే. ఆమె ఒంటరిగా బస్సెక్కి కర్నూలుకు రావడం నేనెరగను. చీర ఒద్దికగా కట్టుకుని ఉంది. మొహం మాత్రం ఆ రోజు మంచం మీద కూర్చున్నప్పటి మొహం.

"మామకేమైంది?" అన్నాను. నాకు తోచింది అదే.

"ఆయనకేం కాలేదు. శేని కాడ ఉండాడు." ఆమె నా భుజం పట్టుకుంది. వేళ్ళు గుచ్చుకుంటున్నాయి. తర్వాత ఊరంతా వినపడే ఆ గొంతుతో, ఏమాత్రం తగ్గించకుండా చెప్పింది: "మే, నాకు మళ్ళా చావల్లనిపిస్తాండాది."

తరగతిలో ఎక్కం చదువుతున్న పిల్లలు ఆగిపోయారు. పక్క గదిలోంచి టీచర్లు తొంగి చూశారు.

"మెల్లగా అత్తా" అన్నాను.

"మెల్లగ చెప్పల్లంటే గొంతులోనే నిలబడతాది మే. దావంతా అనుకుంటా వచ్చినా, గట్టిగ చెప్పెయ్యల్లని. తోలుకపో నన్ను డాక్టరమ్మ కాడికి. ఇప్పుడే. మళ్ళా పొద్దు గూకుతాది."

నేను సెలవు అడగలేదు, సంచి తీసుకోలేదు. సుద్దముక్క చేతిలోనే ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాటి, కనపడిన మొదటి ఆటో ఆపాను. లోపల కూర్చున్నాక కూడా ఆమె చెయ్యి వదల్లేదు. పాత బస్టాండు దగ్గర ఆటో ఆగిపోయినప్పుడు, ఎదురుగా బండ్లు కదలకుండా నిలబడి ఉంటే, ఎంతసేపు పడుతుందోనని నేను బయటికి తొంగి చూస్తున్నాను.

"పిల్లోళ్ళు ఇన్యారా మే?" అని అడిగింది.

"విన్నారు అత్తా."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇననీలే" అంది. "ఎప్పుడన్నా వాళ్ళకు కూడా చెప్పాల్సొస్తే, ఎట్లా చెప్పల్లో తెలిసుంటాది."